తాళాలు చేతికొచ్చాయి, అద్దె రాలేదు

ఖాళీ చేసి వెళ్లిపోయినవారి నుంచి బకాయి రాబట్టడం ఇళ్ల మేనేజర్లకు కత్తిమీద సాము. మరిచిపోవడానికి పెద్ద మొత్తం, కోర్టుకెక్కడానికి చిన్న మొత్తం

కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెల్లారును ఆనుకుని ఉన్న చిన్న గది అది. గోడకు ప్లైవుడ్ పలక, దాని నిండా మేకులు, మేకుల మీద ఫ్లాటు నంబర్లు. మేకుకు తాళాల గుత్తి వేలాడుతుంటే ఆ ఇల్లు ఖాళీగా ఉన్నట్టు. బోసిగా ఉంటే లోపల ఎవరో కాపురం ఉన్నట్టు, అద్దె వస్తున్నట్టు. ఈ గది యజమాని, అంటే ఇతరుల ఇళ్లను అద్దెకిచ్చి చూసుకునే మేనేజరు, ఉదయం రాగానే ముందు ఆ పలకను చూస్తాడు. ఖాళీ ఇళ్ల గురించి ఆయనకు పెద్దగా దిగులు లేదు. ఐటీ కంపెనీలు నడిచినంత కాలం టులెట్ బోర్డు పెట్టిన వారంలో ఎవరో ఒకరు ఫోను చేస్తారు. ఆయన దిగులంతా బల్ల సొరుగులో ఉన్న పొడుగాటి పుస్తకం చివరి పేజీల గురించి. అక్కడున్నవి వెళ్లిపోయినవాళ్ల పేర్లు. పేరు, ఫ్లాటు, ఖాళీ చేసిన తేదీ, ఇవ్వాల్సిన మొత్తం, ఫోను నంబరు. కొన్ని పేర్ల పక్కన నంబరు కొట్టేసి ఇంకో నంబరు, అదీ కొట్టేసి మరొకటి.

తన పేరు రాయొద్దన్నాడాయన. యజమానులు చదివితే తమ ఫ్లాటు గురించేనని అనుకుంటారట, పాత అద్దెదారులు చదివితే తమ గురించేనని అనుకుంటారట. మొదటి అనుమానం వల్ల పని పోతుంది, రెండోదాని వల్ల ఆ వచ్చే కాస్తా ఆగిపోతుంది.

ఆ పేజీల్లో ఉన్నవాళ్లంతా ఎగవేతదారులు కాదని ఆయనే ముందుగా చెప్పాడు. ఉద్యోగం పోయినవాడున్నాడు. ఇంట్లో ఒకరిని ఆస్పత్రిలో చేర్చి, ఆ బిల్లు ముందు అద్దె చిన్నదైపోయినవాడున్నాడు. నలుగురు కలిసి ఫ్లాటు తీసుకుని, ఒక్కొక్కరే జారుకోగా చివరికి అగ్రిమెంటులో పేరున్న ఒక్కడే మిగిలిపోయిన సందర్భాలున్నాయి. రెండు నెలల అడ్వాన్సు ఇచ్చి, ఐదు నెలలుండి, మూడు నెలల అద్దె ఎగ్గొట్టి మరో పేటకు మారడమే అలవాటుగా పెట్టుకున్నవారూ లేకపోలేదు. చిక్కేమిటంటే, పుస్తకంలో ఈ నలుగురూ ఒకేలా కనిపిస్తారు. ఎవరు ఏ రకమో తేల్చుకోవడమే వసూలు పనిలో మొదటి మెట్టు. అందులో పొరపడితే ఇవ్వగలిగినవాడికి గడువు ఇస్తూ, ఇవ్వలేనివాడిని వేధిస్తూ కూర్చోవాలి.

అద్దెదారు ఇంట్లో ఉన్నంతకాలం మేనేజరు చేతిలో ఎంతో కొంత బలం ఉంటుంది. సామాను అక్కడే ఉంటుంది, పిల్లల బడి అక్కడే ఉంటుంది, పొద్దున్నే వాచ్‌మన్‌కు ఎదురుపడాలి. ట్రాన్స్‌పోర్టు వ్యాను గేటు దాటిన క్షణం నుంచి ఆ బలం పోతుంది. అక్కడినుంచి మిగిలేది కాగితం ఒక్కటే. ఆ కాగితం ఎంత గట్టిదన్నది మాత్రం బాకీ పడక ముందే తేలిపోయి ఉంటుంది. మొదట ఇంట్లో దిగిన రోజున, తర్వాత తాళాలు తిరిగిచ్చిన రోజున.

ముందు దిగిన రోజు సంగతి. మన ఊళ్లలో అద్దె అగ్రిమెంటు అంటే 11 నెలలు. దీనికి కారణం ఆచారం కాదు, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలని అందులోని 17వ సెక్షను చెబుతుంది. ఆ ఖర్చు, ఆ తిరుగుడు తప్పించుకోవడానికి 11 నెలలు రాసుకుంటారు. నూరు రూపాయల స్టాంపు పేపరు మీద, పక్క వీధి జిరాక్సు సెంటరులో తయారుగా ఉన్న నమూనాలో పేర్లు మార్చి. ఆ 11 నెలలు పూర్తయ్యాక ఎవరికీ గుర్తుండదు. అద్దెదారు ఉంటూనే ఉంటాడు, యజమాని తీసుకుంటూనే ఉంటాడు. ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం అది నెలనెలా కొనసాగే అద్దె కిందికి మారిపోతుంది. కాపురం సవ్యంగా సాగినంతకాలం దీనివల్ల నష్టమేమీ లేదు. కానీ మూడో ఏట అద్దె 22 వేల నుంచి 28 వేలకు పెరిగిందని చెప్పే కాగితం ఏదీ? చాలా ఇళ్లకు ఉండదు. ఇక స్టాంపు సుంకాన్ని మొత్తం అద్దె మీద లెక్కగట్టాలి గనక, నూరు రూపాయల పేపరు చాలకపోవచ్చు. అలాంటి పత్రాన్ని కోర్టులో చూపిస్తే లోటు సుంకంతోపాటు జరిమానా కడితే తప్ప దాన్ని సాక్ష్యంగా తీసుకోరు.

ఈ లోటును ఈమధ్య ఫోన్లు కొంత పూడ్చాయి. నెలనెలా ఒకే తేదీన ఒకే మొత్తం యూపీఐ ద్వారా వచ్చి ఉంటే, అద్దె ఎంతో చెప్పడానికి బ్యాంకు స్టేట్‌మెంటే సాక్షి. అదే యూపీఐ ఇంకో ఆయుధాన్ని పోగొట్టింది. పూర్వం ఇల్లు ఇచ్చేటప్పుడే ముందు తేదీలు వేసిన చెక్కులు తీసుకునేవారు. ఇప్పుడు పాతికేళ్ల కుర్రాడిని చెక్కు అడిగితే చెక్కుబుక్కు ఎలా ఉంటుందని తిరిగి అడుగుతున్నాడు.

ఇక తాళాలు తిరిగిచ్చే రోజు. మేనేజరు మాటల్లో ఎక్కువసేపు నలిగింది ఈ ఒక్క రోజే. ఎందుకో తెలియాలంటే ఒక లెక్క చూడాలి. అద్దె 28,000, మెయింటెనెన్స్ 3,000 ఉన్న ఫ్లాటు అనుకుందాం. మూడు నెలలు కట్టలేదు. అంటే 93,000. చివరి కరెంటు బిల్లు 2,400. మొత్తం 95,400. అడ్వాన్సు రెండు నెలలది, 56,000. తీసేస్తే 39,400 మిగులుతుంది. అద్దెదారు ఇంతేనంటాడు. యజమాని మాత్రం పెయింటింగు కింద ఒక నెల అద్దె కలిపి 67,400 రావాలంటాడు. పెయింటింగు మాట అగ్రిమెంటులో ఉందా? ఉంటే ఎన్నాళ్లున్నవారికి? ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షను ప్రకారం, అద్దెదారు ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలోనే అప్పగించాలి. అయితే మామూలు వాడకంతో వచ్చే అరుగుదల అందులో లెక్కకు రాదు. మూడేళ్లలో వెలిసిన సున్నం అరుగుదలా, నష్టమా? గోడకు కొట్టిన మేకులు? బాత్రూములో పగిలిన అద్దం సంగతి వేరు, అది నష్టమే.

ఇలా మొదలైన వాదన 39,400 దగ్గర ఆగదు. పెయింటింగు అన్యాయమని అనిపించగానే అద్దెదారు మనసులో మిగతా బాకీ కూడా అన్యాయంగా మారిపోతుంది. లిఫ్టు రెండు వారాలు పనిచేయలేదు, బోరు ఎండితే ట్యాంకరుకు డబ్బులు నేనే కట్టాను, ఇలా పాత జమలన్నీ బయటికొస్తాయి. కొండాపూర్ మేనేజరు తన యజమానులకు చెప్పేదొకటే. తగాదా ఉన్న 28,000 కోసం తగాదా లేని 39,400 పోగొట్టుకోవద్దని. వినేవారు తక్కువ. వినకపోతే ఆయన చేయగలిగిందీ లేదు, ఇల్లు ఆయనది కాదు గదా.

ఆ రోజు ఆయన కోరుకునేది ఒక్క కాగితం. ఇద్దరూ కలిసి ఇల్లు తిరిగి చూసి, మీటరు రీడింగు రాసుకుని, అడ్వాన్సు పోగా ఇంత ఇవ్వాలి, ఫలానా తేదీల్లో ఇస్తాను అని అద్దెదారు రాసి సంతకం పెట్టిన కాగితం. తాళాలు, సంతకం ఒకే బల్ల మీద చేతులు మారాలి. వాస్తవంలో జరిగేది వేరు. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి వ్యాను కదులుతుంది, తాళాలు వాచ్‌మన్ చేతిలో పెడతారు, ఫోనులో నాలుగు ముక్కల మెసేజీ వస్తుంది. వచ్చే నెల జీతం పడగానే పంపుతానని.

ఆ మెసేజీకి విలువ లేకపోలేదు, కానీ సంతకం చేసిన కాగితానికున్నంత లేదు. ఎందుకంటే బాకీకి ఆయుష్షు ఉంటుంది. 1963 కాలపరిమితి చట్టం ప్రకారం అద్దె బకాయి కోసం దావా వేయడానికి గడువు మూడేళ్లు, అదీ ఆ అద్దె ఇవ్వాల్సిన తేదీ నుంచి. ఇల్లు ఖాళీ చేసిన రోజు నుంచి అని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. ఏ నెల అద్దెకు ఆ నెల గడియారం విడిగా నడుస్తుంది. జనవరి అద్దెకు మూడేళ్లు నిండి కాలదోషం పట్టినా, మార్చి అద్దెకు ఇంకా ప్రాణం ఉండవచ్చు. గడువు లోపల బాకీ నిజమేనని అద్దెదారు రాతపూర్వకంగా ఒప్పుకుని సంతకం చేస్తే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. కొంత కట్టి, కట్టినట్టు తన చేతిరాతో సంతకమో ఉంచినా అంతే. వాట్సాప్ మాటలను ఎలక్ట్రానిక్ సాక్ష్యంగా కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ధ్రువపత్రం జోడించాలి. ఆ మెసేజీలో బాకీ ఎంతో, దేనికో స్పష్టంగా ఉండాలి. రెండు చేతులు జోడించిన బొమ్మ పంపితే బాకీ ఒప్పుకున్నట్టా, క్షమించమన్నట్టా అని వకీలు వాదించగలడు.

గడువు దాటిన బాకీకి చట్టంలో ఒక సన్నటి సందు ఉంది. కాంట్రాక్టు చట్టం 25వ సెక్షను ప్రకారం, కాలదోషం పట్టిన అప్పును తీరుస్తానని సంతకంతో రాసిస్తే ఆ వాగ్దానం చెల్లుతుంది. అలా రాసిచ్చే మనిషి దొరికితే గదా అనేది వేరే ప్రశ్న.

ఈ గడియారాల లెక్క కరోనా కాలంలో ఇంకా తికమక పడింది. 2020 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం మార్చి నుంచి మూడు నెలల అద్దె వసూలును వాయిదా వేయాలని యజమానులను ఆదేశించింది. తర్వాత వడ్డీ లేకుండా వాయిదాల్లో తీసుకోవాలంది. అది వాయిదాయే గానీ మాఫీ కాదు. లాక్‌డౌన్ కారణంగా అద్దె రద్దు కాదని, వెసులుబాటు మాత్రం ఇవ్వవచ్చని 2020 మే నెలలో ఢిల్లీ హైకోర్టు కూడా ఒక దుకాణం కేసులో చెప్పింది. జనం మాత్రం ఎవరికి కావలసినట్టు వారు అర్థం చేసుకున్నారు. అమీర్‌పేట హాస్టళ్ల నుంచి, మాదాపూర్ ఫ్లాట్ల నుంచి సొంతూళ్లకు వెళ్లినవాళ్లు నెలల తరబడి తిరిగి రాలేదు. సామాను గదిలో, తాళం వాళ్ల దగ్గర, అద్దె గాలిలో. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని గడువు లెక్కలోంచి మినహాయిస్తూ సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది. దాంతో ఆ నడుమ పడిన బాకీలకు మూడేళ్లు 2022 మార్చి 1 నుంచి మొదలయ్యాయి. ఎవరూ ఏమీ రాసివ్వని బాకీల ఆయుష్షు 2025 ఫిబ్రవరి ఆఖరుకు తీరిపోయింది. కొండాపూర్ పుస్తకంలో ఆ పేజీల మీద అడ్డగీతలున్నాయి. ఎంత పోయిందో కూడి చూసుకోలేదన్నాడు.

పోలీసుల దగ్గరికి పోవచ్చు గదా అని విదేశాల్లో ఉన్న యజమానులు అడుగుతుంటారు. ఈ విషయంలో చట్టం సూటిగానే ఉంది. అద్దె కట్టకపోవడం సివిల్ వివాదమే తప్ప భారతీయ శిక్షాస్మృతి కింద నేరం కాదని 2022 మార్చిలో సుప్రీంకోర్టు, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ఒక కేసులో, ఎఫ్ఐఆర్‌నే కొట్టేసింది. ఇంట్లో దిగేనాటికే మోసం చేసే ఉద్దేశం ఉందని రుజువైతే అది వేరే సంగతి. ఆ రుజువు సామాన్యమైంది కాదు.

నేరం దాకా వెళ్లే దారి ఒకటుంది, అది చెక్కు. బాకీ కింద ఇచ్చిన చెక్కు బౌన్స్ అయితే, బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు రాకపోతే, ఆ తర్వాత నెల రోజుల్లో మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేయాలి. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను కింద రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెండింతల వరకు జరిమానా. ఈ తేదీల్లో ఒకటి తప్పినా కేసు బలహీనపడుతుంది. మరో మెలిక కూడా ఉంది. చెక్కు ఇచ్చాక అద్దెదారు కొంత సొమ్ము విడిగా కట్టేశాడనుకోండి. దాన్ని చెక్కు మీద నమోదు చేయకుండా మొత్తానికి బ్యాంకులో వేస్తే 138 వర్తించదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. యాభై వేల చెక్కు దగ్గర పెట్టుకుని, పది వేలు ఫోనులో తీసుకుని, ఆ తర్వాత చెక్కు వేసేసిన మేనేజర్లు ఇక్కడే దెబ్బతింటారు.

చెక్కు లేకపోతే మిగిలేది సివిల్ దావా. రాతపూర్వక ఒప్పందం ఉంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 37వ ఆర్డరు కింద సంక్షిప్త విచారణ కోరవచ్చు. ప్రతివాది 10 రోజుల్లో హాజరు కావాలి, వాదించడానికి కోర్టు అనుమతి తీసుకోవాలి. కాగితం మీద ఇది చురుకైన పద్ధతి. అయితే సమన్లు అందించడానికి ప్రతివాది ఎక్కడున్నాడో తెలియాలి. పైగా దావా వేయాల్సింది యజమాని. మేనేజరు వేయాలంటే యజమాని ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ ఉండాలి. డల్లాస్‌లో ఉన్న యజమాని దాన్ని అక్కడ సంతకం చేసి, నోటరీ, అపోస్టిల్ లేదా కాన్సులేటు ముద్ర వేయించి పంపాలి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు సుంకం కట్టించాలి. 39,400 కోసం ఇంత తతంగమా అని డల్లాస్ నుంచి ఆయనే విరమించుకుంటాడు. విరమించుకుంటాడే గానీ మరిచిపోడు. ప్రతి పండక్కి ఫోను చేసినప్పుడు, పాతవాళ్లేమన్నారని అడుగుతాడు.

దావా గెలిచాక కూడా డబ్బు రాదు, డిక్రీ వస్తుంది. దాన్ని అమలు చేయించడానికి మళ్లీ ఇంకో పిటిషన్ వేయాలి. జీతం జప్తు చేయించవచ్చు. నెల జీతంలో మొదటి 1,000 రూపాయలు, ఆపైన ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. 40,000 జీతగాడి దగ్గర నెలకు 13,000 రాబట్టవచ్చన్నమాట. మూడు నెలల్లో మన లెక్కలోని బాకీ దాదాపు తీరిపోతుంది. వినడానికి బాగుంది. కానీ వాడు ఏ కంపెనీలో ఉన్నాడు, ఆ కంపెనీ హైదరాబాద్‌లో ఉందా పుణెలో ఉందా? వేరే ఊరైతే డిక్రీని అక్కడి కోర్టుకు బదిలీ చేయించాలి. డిక్రీ అమలు పిటిషన్లను ఆరు నెలల్లో తేల్చాలని 2021లో సుప్రీంకోర్టు కింది కోర్టులకు చెప్పింది. 2025లో హైకోర్టుల నుంచి వివరాలు తెప్పించుకుంటే దేశవ్యాప్తంగా 8.82 లక్షల అమలు పిటిషన్లు పెండింగ్‌లో ఉన్నట్టు తేలింది. వీటిలో అద్దె బాకీలు ఎన్నో గానీ, 39,400 రూపాయల మనిషి ఆ వరసలో ఎక్కడ నిలబడాలో ఊహించుకోవచ్చు. ఈ నిజం ఆదాయపు పన్ను శాఖకు కూడా తెలిసే ఉండాలి. 1962 నాటి దాని నిబంధనల్లో, వసూలు కాని అద్దెను ఆదాయంలోంచి మినహాయించడానికి యజమాని దావా వేసేందుకు తగిన చర్యలు తీసుకుని ఉండాలన్నారు. లేదా దావా వేసినా ప్రయోజనం లేదని అధికారిని ఒప్పించినా సరిపోతుందన్నారు. కోర్టుకు వెళ్లడం దండగ కావచ్చని ప్రభుత్వమే రాతపూర్వకంగా ఒప్పుకున్న సందర్భాలు అరుదు.

అందుకే అసలు వసూళ్లు కోర్టుకు బయటే జరుగుతాయి. అక్కడే మంచీ చెడూ రెండూ ఉన్నాయి. అద్దెదారు కొత్త చిరునామా తెలియదు. తెలిసింది ఆధార్ కార్డు మీది సొంతూరి చిరునామా. లీగల్ నోటీసు అక్కడికి వెళుతుంది. సరైన చిరునామాకు పోస్టులో పంపిన నోటీసు చేరినట్టే చట్టం భావిస్తుంది కాబట్టి అది సక్రమమే. కానీ ఆ కవరు విప్పేది ఊళ్లో ఉన్న తండ్రి. పోస్టుమాన్ వచ్చాడంటే వీధంతా చూస్తుంది. కొడుకు హైదరాబాద్‌లో ఇల్లు ఖాళీ చేసిన సంగతే ఆయనకు తెలియకపోవచ్చు, ఉద్యోగం పోయిన సంగతి అసలే తెలియకపోవచ్చు. వారం తిరక్కుండా డబ్బు పడుతుంది. ఒక్కోసారి తండ్రే ఫోను చేసి, ఎంతయ్యా అని అడిగి, ధాన్యం డబ్బులొచ్చాక పంపుతానంటాడు. బాకీ తండ్రిది కాదు. హామీ సంతకం లేనిదే చట్టప్రకారం ఆయన పైసా ఇవ్వనక్కర్లేదు. అయినా ఇస్తాడు. తన వసూళ్లలో తేలిగ్గా వచ్చేవి ఇవేనని కొండాపూర్ మేనేజరు ఒప్పుకున్నాడు. అంత తేలిగ్గా రావడమే తనకు నచ్చదనీ అన్నాడు. ఇప్పుడు నోటీసుకు ముందు అద్దెదారుకే రెండుసార్లు చెబుతున్నాడట, కవరు ఏ చిరునామాకు వెళుతుందో కూడా. అది మర్యాదా, బెదిరింపా అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

బెదిరింపు ఎక్కడ మొదలవుతుందో తెలియని మేనేజర్లు కూడా ఉన్నారు. బ్యాంకుల రికవరీ ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోను చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో కట్టడి చేసింది. ఇంటి అద్దె వసూలు చేసేవారిపై అలాంటి పెద్దరికం ఏదీ లేదు. దాంతో కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు పెట్టడం, ఆఫీసులో హెచ్‌ఆర్‌కు ఫోన్లు, మిగిలిన సామానుకు తాళం వేయడం నడుస్తున్నాయి. ఫొటో పెట్టినవాడి మీద పరువునష్టం కేసు పడవచ్చు, బెదిరించినవాడి మీద క్రిమినల్ కేసు పడవచ్చు. అప్పుడు అద్దె బాకీ ఉన్నవాడు ఫిర్యాదుదారు అవుతాడు, రావాల్సినవాడు ముద్దాయి అవుతాడు.

అన్ని తప్పులూ వెళ్లినవాడివేనని నేనూ నమ్మను. పదేళ్ల కిందట నేనున్న ఇంటి యజమాని నా అడ్వాన్సులోంచి పెయింటింగు పేరుతో నెల అద్దె పట్టుకున్నాడు. రసీదు అడిగితే పెయింటరు రసీదు ఇవ్వడన్నాడు. ఆ వారంలోనే అటుగా వెళితే ఇంట్లో కొత్తవాళ్లు దిగారు, వరండా గోడ మీద మా పాప గీసిన క్రేయాన్ పిల్లి అలాగే ఉంది. ఇలాంటి అనుభవం ఒకటి ఉన్నవాడు తర్వాతి ఇంట్లో చివరి రెండు నెలలు అద్దె కట్టకుండా అడ్వాన్సులో సర్దుకోమంటాడు. హైదరాబాద్‌లో ఇదిప్పుడు దాదాపు ఆనవాయితీ. యజమానికి భయం, అద్దెదారుకు భయం, ఇద్దరి నడుమ అడ్వాన్సు. బెంగళూరులో ఒకప్పుడు పది నెలల అడ్వాన్సు అడిగేవారంటే అక్కడి భయం ఆ కొలతలో ఉండేదన్నమాట.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఈ భయానికి ఒక కొలత పెట్టింది. నివాస గృహాలకు డిపాజిట్ రెండు నెలలకు మించరాదు. ఒప్పందం రాతలో ఉండాలి, రెండు నెలల్లో అద్దె అథారిటీకి తెలపాలి. వివాదాలు మామూలు సివిల్ కోర్టులకు కాక అద్దె కోర్టుకు వెళతాయి. మేనేజరు అనే మనిషిని కూడా ఈ నమూనా చట్టం గుర్తించింది. అద్దె తీసుకుని రసీదివ్వడం, బకాయిలకు నోటీసులివ్వడం, తగాదాలు తీర్చడంలో సాయపడటం అతని విధులని రాసింది. అయితే ఇది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టం చేసుకుంటేనే అమలు. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, ఉత్తరప్రదేశ్, అసోం తమ చట్టాలను ఆ తరహాలో మార్చుకున్నాయని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. హైదరాబాద్ ఆ జాబితాలో లేదు. ఇక్కడున్నది 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం. 2005 సవరణతో మున్సిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన ఇళ్లను దాని నుంచి తప్పించారు. 3,500కు కొండాపూర్‌లో కారు పార్కింగు దొరికినా గొప్పే. నగరంలోని అద్దె ఇళ్లలో అత్యధికం ఏ ప్రత్యేక చట్టం నీడా లేకుండా మామూలు సివిల్ కోర్టు గుమ్మంలో నిలబడి ఉన్నాయి. ఇంత పెద్ద అద్దె నగరానికి చిన్న బాకీలు తేల్చే చిన్న కోర్టు లేకపోవడం కేవలం యజమానుల సమస్య అనుకుంటే పొరపాటు. చట్టం చేయలేని పని పరువు చేత, బెదిరింపు చేత చేయించుకుంటున్నారు. దాని బరువు పడేది ఎక్కువగా ఇవ్వలేనివాడి మీద. అలవాటుగా ఎగ్గొట్టేవాడికి పరువు గొడవే లేదు. ఇంటి అద్దె ఎగ్గొట్టినంత మాత్రాన అతని సిబిల్ స్కోరుకు మామూలుగా మచ్చ పడదు. కొత్త యజమాని పాత యజమానికి ఫోను చేసి కనుక్కునే అలవాటూ మనకు లేదు.

ఉన్నంతలో పనికొస్తున్నది లోక్ అదాలత్. దావా వేయకముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు లేదు. రెండు పక్షాలూ రాజీ పడితే ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. రాకుండా ఉండిపోయినవాడిని బలవంతాన రప్పించలేకపోవడం దాని లోపం. కానీ వచ్చినవాడితో వాయిదాలు కుదురుతాయి. 39,400ను ఎనిమిది నెలలకు సర్దుకుంటారు. పెయింటింగు దగ్గర యజమాని తగ్గుతాడు, కరెంటు బిల్లు దగ్గర అద్దెదారు తగ్గుతాడు.

నేను వెళ్లిన రోజు మధ్యాహ్నం మేనేజరు అలాంటి ఒక రాజీ కోసమే ఫైలు సర్దుకుంటున్నాడు. అవతలివాడు వస్తానని పొద్దున ఫోనులో చెప్పాడట. నెలకు 5,000 చొప్పున ఇస్తానన్నాడట. ఫైలులో బ్యాంకు స్టేట్‌మెంటు, మీటరు రీడింగు ఫొటో, నోటీసు నకలు ఉన్నాయి. అగ్రిమెంటు కోసం రెండు సొరుగులు వెతికి, జిరాక్సు ఒకటి బయటికి తీశాడు. అసలుది ఎక్కడుందని అడిగాను. యజమాని దగ్గర, డల్లాస్‌లో.